పాఠశాల ప్రయోగశాలలో భద్రత

5.1 పరిచయం

ప్రయోగశాలలో వాడే గాజు పరికరాల గురించి మీరు ఇంతకు ముందే చదివారు. ఆ పరికరాల మధ్య మనం ఎలా మసలుకోవాలో ఈ భాగంలో తెలుసుకొంటారు. మీలో కొందరు ఇప్పటికే పాఠశాలల్లో ఉపాధ్యాయులుగానో, ల్యాబ్ అసిస్టెంట్లుగానో పనిచేస్తుంటారు. మరికొందరు పదో తరగతి ముగిసిన ఎన్నో ఏళ్లకు, అధ్యయన కేంద్రంలో జరిగే ప్రాక్టికల్ తరగతుల కోసం మళ్లీ పరీక్షనాళిక చేత పడతారు. ఈ విషయం ఇద్దరికీ అవసరమే.

భద్రత అనగానే చాలామందికి గోడమీద అతికించిన నియమాల పట్టిక గుర్తుకొస్తుంది. చేయవలసినవి ఒక వరస, చేయకూడనివి ఒక వరస. ఆ పట్టికను ఇక్కడ మళ్లీ రాయను. నేను చూసినంతలో, కారణం తెలియని నియమాన్ని విద్యార్థి మాస్టారు ఎదురుగా ఉన్నంతసేపే పాటిస్తాడు. అందువల్ల పాఠశాల ప్రయోగశాలల్లో తరచుగా జరిగే కొన్ని ప్రమాదాలను మాత్రమే తీసుకొని, అవి ఎందుకు జరుగుతాయో వివరంగా చూద్దాం.

5.2 నీటిలోకి ఆమ్లమా, ఆమ్లంలోకి నీరా?

'గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని విలీనం చేసేటప్పుడు నీటికి ఆమ్లాన్ని చేర్చాలి, ఆమ్లానికి నీటిని చేర్చరాదు.' ఈ వాక్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ కలిసేవి అవే రెండు ద్రవాలు కదా, క్రమం మారితే ప్రమాదం ఎందుకు మారుతుంది?

మార్కెట్లో దొరికే గాఢ సల్ఫ్యూరికామ్లంలో సుమారు 98 శాతం ఆమ్లం ఉంటుంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.84 గ్రాములు, అంటే నీటికి దాదాపు రెట్టింపు. అది నీటితో కలిసినప్పుడు చాలా ఉష్ణం వెలువడుతుంది. 100 మి.లీ. నీటిలో 10 మి.లీ. గాఢ ఆమ్లాన్ని కలిపితే ద్రావణం ఉష్ణోగ్రత ఇంచుమించు 30 డిగ్రీలు పెరుగుతుంది. వేసవిలో మన కుళాయి నీరే 30 డిగ్రీలకు పైన ఉంటుంది కాబట్టి బీకరు 60 డిగ్రీలు దాటి చేతికి చురుక్కుమంటుంది. అయినా ఏ ఉపద్రవమూ జరగదు. ఎందుకంటే బరువైన ఆమ్లం అడుగుకు దిగుతూ నీటిలో కలుస్తుంది, పుట్టిన వేడిని చుట్టూ ఉన్న నీరంతా పంచుకొంటుంది.

ఇప్పుడు క్రమాన్ని తిరగేయండి. బీకరు నిండా గాఢ ఆమ్లం ఉంది, దానిమీద కొద్దిగా నీరు పోశారు. నీరు తేలిక కాబట్టి అడుగుకు దిగదు, పైనే తేలుతుంది. రెండూ కలిసే పలుచని పొరలో వేడి ఒక్కసారిగా పుడుతుంది. ఆ వేడిని పంచుకోవడానికి అక్కడ తగినంత నీరు లేదు. ఆమ్లం మరగాలంటే 300 డిగ్రీలకు పైగా కావాలి, నీటికి 100 డిగ్రీలు చాలు. కాబట్టి పైనున్న ఆ కాస్త నీరు క్షణంలో ఆవిరై, తనతోపాటు ఆమ్లపు తుంపరలను ఎగజిమ్ముతుంది. మరుగుతున్న నూనెలో నీటిచుక్క పడితే బాణలి చిటపటలాడటం వంటింట్లో మీరు చూసిందే. ఇక్కడ చిందేది నూనె కాదు, అంతే తేడా.

కారణం అర్థమైతే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే తోస్తాయి. ఆమ్లాన్ని గాజుకడ్డీ వెంట కొద్దికొద్దిగా పోయాలి. ప్రతిసారీ కలపాలి. కలపకపోతే ఆమ్లం అడుగున పేరుకొని, తరవాత ఒక్కసారిగా కలిసి అదే ప్రమాదం తెస్తుంది. బీకరును చన్నీటి తొట్టిలో ఉంచాలి. కొలజాడీలో విలీనం చేయకూడదు. దాని మందపాటి గాజు ఒకచోట వేడెక్కి, మరొకచోట చల్లగా ఉండి పగిలిపోతుంది.

5.3 కళ్లమీద ఆమ్లం పడినప్పుడు

నేను అధ్యాపకుడిగా చేరిన తొలి రోజుల్లో ఒక కళాశాలలో జరిగిన సంఘటన చెబుతాను. నైట్రేటును గుర్తించే గోధుమరంగు వలయ పరీక్ష జరుగుతున్నది. పరీక్షనాళికను వాలుగా పట్టుకొని, గోడ వెంట గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని నెమ్మదిగా జార్చాలి. ఒక విద్యార్థి తొందరపడి గబగబా పోశాడు. వలయం కనిపించలేదని నాళికను కుదిపాడు. అందులోని ద్రవం ఉవ్వెత్తున ఎగసి, పక్కన నిలబడి రాసుకొంటున్న అమ్మాయి చెంపమీద, కంటిమీద పడింది.

అప్పుడు మా చేతుల్లో ఉండే ప్రయోగ దీపికలో 'ఆమ్లం పడినచోట సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కడగవలెను' అని ఉండేది. నేను దానికోసం పరుగెత్తాను. సీసా అల్మారాలో ఉంది, అల్మారాకు తాళం ఉంది, తాళంచెవి స్టోర్సు గదిలో ఉంది. నేను తిరిగి వచ్చేసరికి మా అటెండరు ఆ పిల్లను కుళాయి దగ్గరకు లాక్కుపోయి, తల వంచి, రెండు వేళ్లతో కనురెప్పలు విడదీసి పట్టుకొని ధారాళంగా నీరు పారిస్తున్నాడు. ఆ పిల్ల ఏడుస్తున్నా, 'చాలు బాబాయ్' అని గింజుకొంటున్నా వదల్లేదు. పావుగంట అలాగే పట్టుకొన్నాడు. తరవాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. కన్ను దక్కింది. చెంపమీద చిన్న మచ్చ మిగిలింది. రసాయనశాస్త్రంలో పట్టా ఉన్న నేను తాళంచెవి వెతుకుతుంటే, ఆ పట్టా లేని మనిషి చేయవలసిన పని చేశాడు.

పాత దీపికల్లోని ఆ సలహాను ఇప్పుడు ఎవరూ సమర్థించరు. ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించడం కాగితంమీద చక్కగా ఉంటుంది. కాని తటస్థీకరణం కూడా ఉష్ణమోచక చర్యే. అంతకంటే ముఖ్యం, ద్రావణం వెతకడంలో పోయే కాలం. ఆమ్లం తన పనిని సెకండ్లలో మొదలుపెడుతుంది. నీరు ఎప్పుడూ దగ్గర్లో ఉంటుంది. అది ఆమ్లాన్ని పలుచన చేస్తుంది, కడిగి తీసుకుపోతుంది, పుట్టిన వేడినీ మోసుకుపోతుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థులు ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న వేసేవారు. 'ఆమ్లంమీద నీరు పోయకూడదని ఇందాక చెప్పారు, మరి చర్మంమీది ఆమ్లంపై పోయమంటారేమిటి?' మంచి ప్రశ్న. తేడా పరిమాణంలో ఉంది. బీకరులో ఆమ్లం ఎక్కువ, నీరు తక్కువ. చర్మంమీద ఆమ్లం పలుచని పొర, దానిమీద పారేది కుళాయి ధార. పుట్టిన వేడి ఆ ధారలో ఎక్కడికక్కడ కొట్టుకుపోతుంది. అందుకే తడిగుడ్డతో తుడవడం, దోసెడు నీళ్లు చల్లడం పనికిరావు. నీరు పారుతూ ఉండాలి, పదిహేను ఇరవై నిమిషాలు తగ్గకుండా. గడియారం చూసి లెక్కపెట్టండి. బాధలో ఉన్నవారికి రెండు నిమిషాలే చాలా ఎక్కువగా అనిపిస్తాయి. ఆమ్లం పడిన దుస్తులను నీటి ధార కిందే తీసేయాలి, మొహమాటం పనికిరాదు. కంటి విషయంలో, దెబ్బ తగిలిన కన్ను కిందివైపు ఉండేటట్లు తల వంచాలి. లేకపోతే ఆమ్లం కలిసిన నీరు బాగున్న కంట్లోకి పోతుంది. కాంటాక్టు లెన్సు ఉంటే కడుగుతూనే తీసేయాలి. ఎంత బాగా కడిగినా ఆ తరవాత కంటి వైద్యుడికి చూపించి తీరాలి.

క్షారం ఆమ్లమంత ప్రమాదం కాదనే అపోహ ఒకటి ఉంది. కంటికి క్షారమే ఎక్కువ హానికరం. ఆమ్లం తగిలినచోట ప్రోటీన్లు గడ్డకట్టి ఒక పొరలా ఏర్పడి, ఆమ్లాన్ని కొంతవరకు అడ్డుకొంటాయి. సోడియం హైడ్రాక్సైడు అలా ఆగదు. కణాల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ లోలోపలికి చొచ్చుకుపోతుంది. తాంబూలంలో వేసుకొనే సున్నపు పొట్లాలు నొక్కి ఆడుకొంటూ కళ్లు పోగొట్టుకొన్న పసిపిల్లలు మన దేశంలో ఉన్నారు. సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడే.

5.4 సారాదీపం, స్పిరిట్, హైడ్రోజన్

మన పాఠశాలల్లో గ్యాస్ బర్నర్లు తక్కువ, సారాదీపాలే ఎక్కువ. చూడటానికి అమాయకంగా ఉండే పరికరం ఇది. ఇథైల్ ఆల్కహాలు గది ఉష్ణోగ్రతలోనే మండేంత ఆవిరిని ఇస్తుంది. దీపంలో స్పిరిట్ అడుగంటినకొద్దీ పైభాగంలో గాలి, ఆవిరి కలిసిన మిశ్రమం పెరుగుతుంది. వత్తి వదులుగా ఉంటే మంట లోపలికి పాకి ఆ మిశ్రమాన్ని అంటించవచ్చు. కాబట్టి దీపం సగానికి తగ్గకుండా చూసుకోవాలి, మెడ దాకా నింపకూడదు. వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోయడం మాత్రం ఎంతటి తొందరలోనైనా చేయరాని పని. ఆ మంట సీసా దాకా వస్తుంది. దాని లేత నీలిమంట పగటి వెలుతురులో కనిపించదు కాబట్టి 'ఆరిపోయింది' అనుకొని పోసేవారే ఎక్కువ. ఆర్పడానికి ఊదకండి, మూత పెట్టండి. ఒక దీపాన్ని వంచి మరో దీపంతో వెలిగించకండి.

ఆకులో పిండిపదార్థాన్ని పరీక్షించే ప్రయోగం మీకు గుర్తుందా? ఆకును స్పిరిట్‌లో ఉడికించి పత్రహరితాన్ని తొలగిస్తాం. స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను నేరుగా మంటమీద పెట్టకుండా వేడినీటి బీకరులో ఉంచమని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి అందుకు వేడినీరు చాలు. పుస్తకాల్లో చాలాచోట్ల రాయని మాట ఒకటి చేర్చుకోండి: నీరు మరిగాక దీపం ఆర్పేసి, ఆ తరవాతనే స్పిరిట్ నాళికను నీటిలో దించండి. లేకపోతే పైకి లేచిన ఆల్కహాలు ఆవిరి బీకరు గోడ పక్కనుంచి జారి కింది మంటను చేరుకొంటుంది. ఆల్కహాలు ఆవిరి గాలికంటే బరువైనది.

బీకరులో స్పిరిట్ అంటుకొంటే దాన్ని ఎత్తుకొని బయటికి పరుగెత్తకండి. మంట చేతిమీదికి వస్తుంది, చెయ్యి వదిలేస్తుంది, మంట నేలంతా పరుచుకొంటుంది. పైన ఒక పింగాణీ పలకో, తడిగుడ్డో కప్పితే గాలి అందక ఆరిపోతుంది. దుస్తులు అంటుకొన్నవారిని పరుగెత్తనివ్వకూడదు. నేలమీద పడుకోబెట్టి దొర్లించాలి, మందపాటి దుప్పటి కప్పాలి. కాలిన గాయంమీద పదిహేను ఇరవై నిమిషాలు చల్లని నీరు పారించాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏవీ పూయకూడదు. అవి వేడిని లోపలే ఉంచుతాయి, తరవాత డాక్టరు గాయాన్ని చూడటానికి అడ్డమవుతాయి. బొబ్బలు చిదపకూడదు.

సోడియం, మెగ్నీషియం మండుతుంటే నీరు, కార్బన్ డయాక్సైడు ఆర్పకం రెండూ వాడరాదు. సోడియం నీటినుంచి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. మెగ్నీషియం కార్బన్ డయాక్సైడులో కూడా మండుతుంది. వాటికి పొడి ఇసుకే మందు. ప్రయోగశాల మూలలో ఎర్రరంగు వేసి ఉంచే ఇసుక బకెట్టు అందుకే. నేను తనిఖీకి వెళ్లిన చాలాచోట్ల ఆ బకెట్టులో ఇసుకకు బదులు చిత్తుకాగితాలు కనిపించాయి.

పదో తరగతిలో జింకు ముక్కలమీద విలీన హైడ్రోక్లోరికామ్లం పోసి హైడ్రోజన్‌ను తయారుచేస్తాం. మండే పుల్ల దగ్గరికి తెస్తే 'టప్' మనే శబ్దం వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా ఆ మిశ్రమం పేలుతుంది. ఇంత విశాలమైన హద్దులు సాధారణ వాయువుల్లో తక్కువ వాటికే ఉన్నాయి. ప్రయోగం మొదట్లో కుప్పెలో ఉండేది గాలి. హైడ్రోజన్ వస్తున్నకొద్దీ ఆ గాలి వాయునాళం గుండా బయటికి పోతుంది. గాలి పూర్తిగా పోకముందే నాళం చివర నిప్పు పెడితే మంట వెనక్కి పాకి కుప్పె పేలుతుంది, గాజుముక్కలు చుట్టూ చెదురుతాయి. అందువల్ల వాయువును ఒక చిన్న పరీక్షనాళికలో పట్టి, కుప్పెకు దూరంగా తీసుకెళ్లి పరీక్షించాలి. నాళికలో పేలేది ఏ కొద్ది మి.లీ.లో, శబ్దంతో సరిపోతుంది. కుప్పెలో పేలేది దానికి ఎన్నో రెట్లు.

5.5 గాజు

ఆమ్లాలు, మంటలు భయపెడతాయి కాబట్టి పిల్లలు వాటి దగ్గర కాస్త జాగ్రత్తగానే ఉంటారు. గాజు భయపెట్టదు. నా అనుభవంలో ప్రథమ చికిత్స పెట్టె తెరిపించినవాటిలో ఎక్కువ గాజు గాయాలే. రబ్బరు బిరడాలోకి గాజునాళాన్ని బలంగా తోస్తే అది విరిగి అరచేతిలో దిగబడుతుంది. బిరడా రంధ్రాన్ని గ్లిసరిన్‌తోనో సబ్బునీటితోనో తడపండి, నాళాన్ని గుడ్డతో చుట్టి బిరడాకు దగ్గరగా పట్టుకొని తిప్పుతూ తోయండి. రెండు చేతుల మధ్య దూరం పెరిగినకొద్దీ నాళం వంగి విరిగే అవకాశం పెరుగుతుంది.

వేడిగాజు, చల్లని గాజు ఒకే రకంగా కనిపిస్తాయి. పట్టుకొనే ముందు చేతి వెనకభాగాన్ని దగ్గరగా ఉంచి చూడండి, వేడి తెలిసిపోతుంది. పగిలిన గాజును చెత్తబుట్టలో వేయకండి. సాయంత్రం ఆ బుట్టను చేత్తో ఎత్తేది ఆయమ్మ. ఒక అట్టపెట్టెమీద 'పగిలిన గాజు' అని రాసి మూలన పెట్టడానికి ఖర్చేమీ లేదు.

పాదరసపు థర్మామీటరు పగిలితే చీపురుతో ఊడ్చకండి. బిందువులు మరింత చిన్నవై పగుళ్లలోకి పోయి, నెలల తరబడి ఆవిరవుతుంటాయి. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో బిందువులను ఒకచోటికి చేర్చి, మూత ఉన్న సీసాలోకి ఎత్తండి. మిగిలినచోట గంధకపు పొడి చల్లండి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది, భారతదేశం 2018లో దానిని ధ్రువీకరించింది. ఆల్కహాలు థర్మామీటర్లు దొరుకుతున్నప్పుడు పాఠశాలకు పాదరసం ఎందుకు?

5.6 ముక్కు, నోరు

స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే తాను తయారుచేసిన పదార్థాలను రుచి చూసేవాడు. ఆయన 1786లో నలభై మూడేళ్లకే మరణించాడు. విషపదార్థాల మధ్య గడిపిన జీవితమే అందుకు కారణమై ఉంటుందని చాలామంది భావిస్తారు. మా తరం విద్యార్థులమూ పిపెట్‌ను నోటితోనే పీల్చేవాళ్లం. క్షారం నోట్లోకి వచ్చినరోజు రెండు రోజులపాటు అన్నం రుచి తెలిసేది కాదు. ఇప్పుడు రబ్బరు బల్బు చవకగా దొరుకుతుంది, అది లేకుండా పిపెట్ ముట్టుకోవద్దు.

వాయువును వాసన చూడవలసి వస్తే నాళికను ముక్కుకింద పెట్టుకోకండి. చేత్తో గాలిని ముక్కువైపు విసురుకోండి. అయితే ముక్కును పూర్తిగా నమ్మకండి. కుళ్లిన గుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు గాఢత బాగా పెరిగితే ఘ్రాణశక్తిని మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందంటే వాయువు తగ్గిందని అర్థం కాదు.

5.7 సీసాలు, అల్మారా, దుస్తులు

రసాయనాలను అక్షరక్రమంలో పేర్చడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఆ పద్ధతిలో నైట్రికామ్లం పక్కన ఏ సేంద్రియ ద్రవం వచ్చి కూర్చుంటుందో చెప్పలేం. నైట్రికామ్లం బలమైన ఆక్సీకరణి. స్పిరిట్, అసిటోన్ వంటివాటితో దానికి పొసగదు. ఒకే అల్మారాలో అమోనియా, హైడ్రోక్లోరికామ్లం ఉంటే కొన్నాళ్లకు సీసాలన్నిటిమీదా తెల్లటి పూత కనిపిస్తుంది. అది అమోనియం క్లోరైడు. మూతలు బిగుతుగా లేవనీ, అమరిక తప్పనీ ఆ పూతే చెబుతుంది. ఆమ్లాలు ఒకచోట, క్షారాలు ఒకచోట, మండేవి మరోచోట, ఆక్సీకరణులు వేరుగా ఉండాలి. బరువైన ఆమ్లపు సీసాలు కింది అరలో, కంటి ఎత్తుకు దిగువన ఉండాలి. బ్లీచింగ్ పౌడరు, పొటాషియం పర్మాంగనేటు రెండూ హైడ్రోక్లోరికామ్లం తగిలితే క్లోరిన్‌ను వదులుతాయి. ఈ సంగతి అల్మారా సర్దేవారికి కూడా తెలియాలి.

కూల్‌డ్రింకు సీసాలో ఆమ్లం పోసి ఉంచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. దీని గురించి ఎక్కువ రాయనవసరం లేదు. అలాంటిది కనిపించిన రోజే తీసేయించండి. లేబుల్ లేని సీసాలో ఏముందో ఊహించకండి.

కొత్త సీసాలమీద ఎర్ర అంచుగల చతురస్రం, అందులో నల్లబొమ్మ ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన పద్ధతి ఇది, మొత్తం 9 గుర్తులు. వాటిలో రెంటిని తరచుగా తారుమారు చేస్తారు. మామూలు మంట బొమ్మ ఉంటే ఆ పదార్థం మండుతుంది. వలయంమీద మంట ఉంటే అది ఆక్సీకరణి, పక్కవాటిని మండిస్తుంది. ఈ రెండు గుర్తులున్న సీసాలు ఒక అరలో ఉండకూడదు.

దుస్తుల విషయంలో ఒకటే చెబుతాను. సింథటిక్ బట్ట అంటుకొంటే కరిగి చర్మానికి అతుక్కొంటుంది, నూలుబట్ట అలా కరగదు. 2008 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గాలి తగిలితేనే మండే రసాయనం చింది, ఒక యువ పరిశోధకురాలి సింథటిక్ స్వెటర్ అంటుకొంది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. పద్దెనిమిది రోజుల తరవాత మరణించింది. పాఠశాలలో అలాంటి రసాయనాలుండవు, కాని సారాదీపం ఉంటుంది, నైలాన్ చున్నీ ఉంటుంది. చున్నీని నడుముకు కట్టించండి, జడను వెనక్కి వేయించండి. మామూలు కళ్లజోడు పక్కలనుంచి వచ్చే తుంపరలను ఆపదు. నిధులు తక్కువైతే, అందరికీ ఏప్రాన్లు కొనడం కంటే ముందు తరగతిలో సగంమందికైనా రక్షణ కళ్లద్దాలు కొని వంతులవారీగా వాడమని నేను ప్రధానోపాధ్యాయులకు చెబుతాను. చర్మం మానుతుంది.

కృత్యం

మీ అధ్యయన కేంద్రంలో మొదటి ప్రాక్టికల్ రోజున, ప్రయోగం మొదలుపెట్టకముందు మీ బల్ల దగ్గర నిలబడి కళ్లు మూసుకోండి. పక్కన ఒక తోటి విద్యార్థిని తోడు ఉంచుకొని, తడుముకొంటూ కుళాయి దాకా నడవండి. ఎన్ని సెకండ్లు పట్టిందో, దారిలో ఏ స్టూలు, ఏ సంచి అడ్డం వచ్చాయో రికార్డు పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. తరవాత కుళాయి తిప్పి, నీరు వస్తున్నదో లేదో చూసి అదీ రాయండి. రాకపోతే, నిండిన బకెట్టు, ఒక మగ్గు బల్ల పక్కకు వచ్చేవరకు ఆమ్లపు సీసా మూత తీయకండి.